మొదటి పిస్టల్ ఏది కొనాలి?

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళ నుంచి ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగం పిస్టల్ షూటింగ్ గురించే ఉన్నాయి. శని, ఆదివారాల్లో నేను డాలస్ దగ్గర ఒక ఇండోర్ రేంజ్‌లో సేఫ్టీ ఆఫీసర్‌గా ఉంటాను కాబట్టి ఎడిటర్ గారు వాటిని నాకు పంపారు. ఆత్మరక్షణ కోసం గన్ పెట్టుకోవడం, నడుముకి కట్టుకుని తిరగడం పూర్తిగా వేరే సంగతి, ఇక్కడ దాని జోలికి వెళ్ళడం లేదు. రేంజ్‌లో నిలబడి కాగితం మీద గురి చూసి కొట్టే సరదా వరకే మాట్లాడుకుందాం.

ప్ర: నమస్తే అన్నా. మేము ఫ్రిస్కోలో ఉంటాం, పోయినేడాది నాకూ మా ఆవిడకీ గ్రీన్ కార్డ్ వచ్చింది. ఆఫీసు ఫ్రెండ్స్ రెండుసార్లు రేంజ్‌కి తీసుకెళ్ళారు, బాగా నచ్చింది, సొంత పిస్టల్ కొందామనుకుంటున్నా. ఒకతను కళ్ళు మూసుకుని గ్లాక్ 19 తీసుకో అంటాడు, ఇంకొకతను .45 తప్ప మిగతావన్నీ బొమ్మలంటాడు. షాపులో అబ్బాయేమో జేబులో పట్టే చిన్న పిస్టల్ చూపించాడు, ముద్దుగా ఉంది, రేటూ తక్కువే. బడ్జెట్ 600 డాలర్లు. ఏది తీసుకోమంటారు? – ఫ్రిస్కో, టెక్సాస్

జ: తమ్ముడూ, .22 కొనండి. ఈ అంకెలన్నీ తూటా లావు కొలతలే (చుక్కతో మొదలయ్యేవి అంగుళాల్లో), వీటిలో .22 అన్నిటికంటే సన్నది. 9ఎంఎం తర్వాత కొనొచ్చు, .45 సంగతి ఇంకా తర్వాత చూసుకోవచ్చు.

ముద్దుగా ఉందన్నారు చూడండి, ముందు దాని గురించే చెప్పాలి, ఎందుకంటే రేంజ్‌లో నేను ఎక్కువగా చూసే పొరపాటు అదే. గన్ ఎంత తేలికైతే అంత గట్టిగా వెనక్కి తంతుంది. జేబులో పట్టే పిస్టళ్ళలో కొన్ని మూడు వందల గ్రాములు కూడా ఉండవు, పిడి మీద చిటికెనవేలికి చోటుండదు, సైట్లు, అంటే పైన గురి చూసుకునే గుర్తులు, బియ్యపు గింజంత ఉంటాయి, పైగా బారెల్ పొట్టి కాబట్టి చెయ్యి కాస్త కదిలినా గురి ఎక్కడికో పోతుంది. అవి రోజంతా ఒంటి మీద పెట్టుకుని తిరగడానికి చేసినవి, గంటసేపు హాయిగా కాల్చుకోవడానికి చేసినవి కావు. అలాంటిది కొన్నవాళ్ళు రెండోసారి యాభై రౌండ్లు కాల్చేసరికి బొటనవేలి మొదట్లో ఎర్రగా కందిపోయి, మూడోసారి రావడమే మానేస్తారు.

.22 ఎందుకు మంచిదో అర్థం కావాలంటే తూటా బరువు చూడండి. .22 తూటా 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాములు. 9ఎంఎం మామూలుగా 115 గ్రెయిన్లు, ఏడున్నర గ్రాములు. .45 అయితే 230, దాదాపు పదిహేను గ్రాములు. తూటా బరువు, దాని వెనక మందు పెరిగేకొద్దీ మీ చేతికి తగిలే దెబ్బ, చెవికి తగిలే మోత, రెండూ పెరుగుతాయి. కొత్తవాడి శరీరం ఆ దెబ్బకి భయపడడం నేర్చుకుంటుంది, ట్రిగ్గర్ నొక్కే క్షణానికి ముందే మణికట్టు బిగుసుకుని గన్ ముక్కు కిందికి వంగిపోతుంది. కుడిచేతి వాటం వాళ్ళ టార్గెట్ మీద రంధ్రాలన్నీ కిందికి, ఎడమవైపుకి పోగుపడి ఉంటే సాధారణంగా కారణం ఇదే. చాలామంది గన్‌లో సైట్లు తప్పుగా ఉన్నాయనుకుని వాటిని తిప్పుతూ కూర్చుంటారు. ఈ ఉలికిపాటు ఒకసారి అలవాటైతే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది, అది అసలు అంటకుండా షూటింగ్ నేర్చుకునే దారి .22.

ఇది పిల్లల గన్ అనే మాట పట్టించుకోకండి. ఒలింపిక్స్‌లో మహిళల 25 మీటర్ల పిస్టల్, పురుషుల ర్యాపిడ్ ఫైర్, రెండూ .22తోనే ఆడతారు.

డబ్బు లెక్క కూడా చూడండి, మీ బడ్జెట్ 600 అంటే అది గన్‌తోనే అయిపోకూడదు. మామూలు ప్రాక్టీసు .22 రౌండు ఎనిమిది పది సెంట్లకి దొరుకుతుంది, 9ఎంఎం పావు డాలరు అటూ ఇటూ ఉంటుంది. రెండు వారాలకోసారి వెళ్ళి వంద రౌండ్లు కాల్చినా ఏడాదికి 2,600 రౌండ్లు. .22 అయితే 200, 260 డాలర్లతో పోతుంది, 9ఎంఎం అయితే 650 అవుతుంది, మీ బడ్జెట్ కంటే ఎక్కువన్నమాట. ఈ ఆట కాల్చినకొద్దీ వస్తుంది, కాబట్టి మీరు జేబు చూసుకోకుండా కాల్చుకోగలిగే గన్నే మీకు మంచి గన్.

మోడళ్ళ విషయానికొస్తే రూగర్ మార్క్ 4 నాకు అన్నిటికంటే నచ్చినది. ఆ వరస 1949 నుంచి వస్తోంది, పాత వాటిని శుభ్రం చేయడానికి విప్పితే మళ్ళీ బిగించడం పెద్ద తలనొప్పిగా ఉండేది, 2016లో వచ్చిన మార్క్ 4లో వెనక ఒక్క బటన్ నొక్కితే విడిపోతుంది. వాడింది కొంటుంటే ఒకటి చూసుకోండి: 2017 జూన్ 1కి ముందు తయారైన మార్క్ 4లన్నిటినీ సేఫ్టీ లోపం వల్ల కంపెనీ వెనక్కి పిలిచింది, కాబట్టి సీరియల్ నంబరు పెట్టి అది బాగుచేసిందో లేదో తెలుసుకోకుండా డబ్బివ్వొద్దు. బ్రౌనింగ్ బక్ మార్క్, స్మిత్ అండ్ వెసన్ విక్టరీ కూడా మంచివే, ట్రిగ్గర్లు మెత్తగా ఉంటాయి. రేటు ఇంకొంచెం తగ్గాలంటే టారస్ టీఎక్స్ 22 ఉంది, పట్టుకుంటే 9ఎంఎం పిస్టల్ పట్టుకున్నట్టే ఉంటుంది కాబట్టి రేపు పెద్దదానికి మారినప్పుడు చెయ్యి తడుముకోదు. ఆరు నెలల తర్వాత 9ఎంఎం కొనాలనిపిస్తే గ్లాక్ 17 లేదా 19, స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ, లేకపోతే పూర్తి ఉక్కుతో చేసిన సీజెడ్ 75 చూడండి. ఉక్కువి బరువెక్కువ, అందుకే రేంజ్‌లో హాయిగా ఉంటాయి.

కానీ నేను చెప్పానని కొనొద్దు, ఎవరు చెప్పారనీ కొనొద్దు. రేంజ్ కౌంటర్లో అద్దెకిస్తారు కదా, రెండు మూడు రకాలు తీసుకుని ఒక్కోదానితో యాభై రౌండ్లు కాల్చండి. అంతకంటే ముందు షాపులో చేతిలో పట్టుకుని చూడండి: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే గుంట గన్ వెనక సరిగ్గా మధ్యలో కూర్చోవాలి, బారెల్ మీ ముంజేతికి తిన్నగా ఉండాలి, అలా పట్టుకున్నప్పుడు చూపుడువేలి మొదటి కణుపు మెత్త ట్రిగ్గర్ మీద ఆనాలి. వేలు అందుకోవడానికి చెయ్యి పక్కకి తిప్పాల్సివస్తే ఆ గన్ ఎంత పేరున్నదైనా మీది కాదు. ఇంకో సంగతి, మీ బలమైన కన్ను ఏదో ఇంట్లోనే తెలుసుకుని వెళ్ళండి. రెండు చేతులూ చాచి అరచేతుల మధ్య చిన్న కంత వదిలి అందులోంచి గోడగడియారాన్ని చూడండి, తర్వాత ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం కంతలోనే కనిపిస్తుందో ఆ కంటితోనే గురి చూడాలి. కుడిచెయ్యి, ఎడమకన్ను ఉన్నవాళ్ళు చాలామందే ఉంటారు, ఇది తెలియక నెలల తరబడి తంటాలు పడుతుంటారు.

.22తో ఇబ్బందులు లేవని కాదు. నిప్పు రాజేసే మందు తూటా అంచులో ఉండే పద్ధతి కాబట్టి 9ఎంఎం కంటే ఎక్కువగా పేలకుండా మిగిలిపోతుంటుంది, మసి త్వరగా పడుతుంది, కొన్ని పిస్టళ్ళు ఒక బ్రాండు తూటాలు తింటాయి, ఇంకోటి ఉమ్మేస్తాయి. ట్రిగ్గర్ నొక్కితే టక్ మని పేలలేదనుకోండి, గన్ తిప్పి బారెల్‌లోకి చూడడం మహా పాపం. టార్గెట్ వైపే పట్టుకుని ముప్పై సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలేవి అరుదుగానైనా ఉంటాయి. ఎప్పుడైనా ఢాం అనాల్సిన చోట తుస్సుమని సన్నగా వినిపిస్తే వెంటనే ఆపేయండి, తూటా బారెల్ మధ్యలో ఇరుక్కుపోయి ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి కాలిస్తే బారెల్ పగులుతుంది. చెయ్యెత్తి మాలాంటి వాళ్ళని పిలవండి, మేము అక్కడ ఉండేదే అందుకు.

కాగితాల సంగతి: టెక్సాస్‌లో కొనడానికి విడిగా పర్మిట్ అక్కర్లేదు. షాపులో కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి, ఫారం 4473 నింపాలి, గ్రీన్ కార్డ్ నంబరు రాయాలి, వాళ్ళు అక్కడికక్కడే ఎఫ్‌బీఐ సిస్టమ్‌లో చెక్ చేస్తారు. డ్రైవింగ్ లైసెన్సు మీద పాత అడ్రసు ఉంటే ముందు మార్పించుకోండి. గంజాయి గురించి కూడా అందులో ప్రశ్న ఉంటుంది, మీ రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదని ఫారం మీదే రాసి ఉంటుంది. అబద్ధం రాస్తే అది పెద్ద నేరం, గ్రీన్ కార్డ్ వాళ్ళని గన్ నేరాల కింద దేశం నుంచి పంపించేయడానికి ఇమిగ్రేషన్ చట్టంలో ప్రత్యేకంగా ఒక సెక్షనే ఉంది.

ప్ర: అన్నగారూ, నేను హెచ్-1బి మీద ఉన్నాను. గన్ కొనకూడదని తెలుసు. కానీ రేంజ్‌లో అద్దెకి తీసుకుని అక్కడే కాల్చి అక్కడే ఇచ్చేస్తే తప్పులేదు కదా? మా టీంలో అందరూ వెళ్ళారు, ఫొటోలు కూడా పెట్టారు. వచ్చే నెల అమ్మానాన్నలు వస్తున్నారు, నాన్న ఎన్‌సీసీలో ఉండేవారు, ఆయనకీ సరదాగా చూపిద్దామని. – షార్లెట్, నార్త్ కరోలినా

జ: వద్దు. దయచేసి వెళ్ళొద్దు, నాన్నగారిని అసలు తీసుకెళ్ళొద్దు.

ఫెడరల్ చట్టం, సెక్షన్ 922(జి)(5), వలసేతర వీసా మీద అమెరికా వచ్చినవాళ్ళు గన్ గానీ తూటా గానీ తమ దగ్గర ఉంచుకోకూడదంటుంది. ఉంచుకోవడం అంటే కొనడం ఒక్కటే కాదు, చేతిలోకి తీసుకున్నా అందులోకే వస్తుంది, గంటసేపైనా, అద్దెదైనా, ఫ్రెండ్‌దైనా. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1, మీ అమ్మానాన్నల బి-2, అన్నీ ఇందులోవే. 2022 నుంచి దీనికి గరిష్ట శిక్ష పదిహేనేళ్ళ జైలు.

ఎవరు పట్టుకుంటారులే అనుకోకండి. ఫ్లోరిడాలో యూనివర్సిటీ తీసేసిన ఒక విదేశీ విద్యార్థి ఒక ఫైరింగ్ రేంజ్‌కి వెళ్ళి టార్గెట్ కాల్చాడు, తర్వాత హోటల్ సిబ్బంది ఫిర్యాదుతో విచారణ మొదలై రేంజ్ సంగతి కూడా బయటపడి కేసయింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తన స్టేటస్ సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో కోర్టు తీర్పిచ్చింది. కానీ హెచ్-1బి మీద ఉన్న మీరు నాకు నా వీసా ఏదో తెలియదని చెప్పలేరు కదా.

హంటింగ్ (వేట) లైసెన్సు ఉంటే పర్లేదని కొందరంటారు, ఆ మినహాయింపు నిజమే, చట్టంలోనే ఉంది. ఆన్‌లైన్‌లో ఇరవై డాలర్లు కట్టి అది తీసుకుని రేంజ్‌కి వెళ్తున్నవాళ్ళున్నారు. అయితే లైసెన్సు గడువు నిన్నటితో అయిపోయిందా, మీ రాష్ట్రం ఏమంటుంది, ఐ-485 (గ్రీన్ కార్డ్ దరఖాస్తు) పెండింగ్‌లో ఉంటే మీరు దేని కిందకి వస్తారు, ఇవన్నీ నాలాంటి వాడిని గానీ వాట్సాప్ గ్రూపుని గానీ అడిగి తేల్చుకునేవి కావు. ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక గంట ఫీజు కట్టి, మీ కాగితాలు చూపించి, రాతలో జవాబు తీసుకోండి. పదేళ్ళు క్యూలో నిలబడి తెచ్చుకునే గ్రీన్ కార్డ్‌ని ఒక ఫొటో కోసం పణంగా పెట్టడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, టీంలో వాళ్ళకి కూడా ఆ ఫొటోలు తీసేయమని కాదు, ముందు లాయర్‌తో మాట్లాడమని చెప్పండి.

గ్రీన్ కార్డ్ ఉన్న ఫ్రెండ్ చేత కొనిపించుకోవడం ఇంకా ఘోరం, అందులో ఇద్దరూ మునుగుతారు.

మీ సరదా తీరే దారి ఒకటుంది. ఫెడరల్ చట్టంలో ఫైర్‌ఆర్మ్ అంటే మందు పేలుడుతో తూటాని తోసేది. గాలితో పనిచేసే పెల్లెట్ పిస్టల్ అందులోకి రాదు. కొన్ని రాష్ట్రాలు, ఉదాహరణకి న్యూజెర్సీ, దాన్నీ గన్ కిందే చూస్తాయి కాబట్టి మీ రాష్ట్రం, మీ ఊరి నిబంధనలు చూసుకోండి. అవి ఒప్పుకుంటే ఒక .177 ఎయిర్ పిస్టల్, కళ్ళజోళ్ళు, వెనక పెల్లెట్లని ఆపే మంచి పెట్టె (పెల్లెట్ ట్రాప్) కొని గరాజ్‌లో పది మీటర్లు కొలిచి పెట్టుకోండి. నాన్నగారు మిమ్మల్ని ఓడించినా ఆశ్చర్యపోకండి.

ప్ర: అన్నయ్యా, నేనూ మావారూ సిటిజన్లం. ఆయనతో పాటు నేనూ షూటింగ్ నేర్చుకోవాలనుకుంటున్నా. నా చేతులు చిన్నవి, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగలేకపోయాను. షాపులో ఆడవాళ్ళకి తేలికైన చిన్న రివాల్వర్ బాగుంటుందన్నారు, గులాబీ రంగు పిడితో ఒకటి చూపించారు. తీసుకోమంటారా? – ఎడిసన్, న్యూజెర్సీ

జ: వద్దు చెల్లీ. ఆ సలహా విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. నాలుగు వందల గ్రాముల రివాల్వర్‌లోంచి .38 స్పెషల్ కాలిస్తే ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా పది రౌండ్లకి చాలంటారు. పైగా వాటి ట్రిగ్గర్ చాలా బరువు, గన్ బరువుకంటే పది రెట్లు వేలితో లాగాలి, అలా లాగుతున్నప్పుడు గన్ కదలకుండా ఉండడం చాలా కష్టం. రివాల్వర్ మీద మనసుంటే బరువైనది, నాలుగు లేదా ఆరు అంగుళాల బారెల్ ఉన్నది, .22లో తీసుకోండి, అది నేర్చుకోవడానికి చక్కటి గన్.

స్లైడ్ విషయం బలం కంటే పద్ధతిది. గన్‌ని ఛాతీకి దగ్గరగా, ముక్కు టార్గెట్ వైపే ఉంచి, ఎడమచేతి నాలుగు వేళ్ళూ అరచేయీ కలిపి స్లైడ్‌ని పైనుంచి గట్టిగా పట్టుకోండి, ఇప్పుడు స్లైడ్‌ని లాగకుండా కుడిచేత్తో గన్‌ని ముందుకి తోయండి. బియ్యం మూట ఎత్తేటప్పుడు ఒళ్ళంతా వాడినట్టు ఇక్కడా భుజం వాడాలి, వేళ్ళు కాదు. నేను నేర్పిన ఆడవాళ్ళలో ఎక్కువమందికి ఐదు నిమిషాల్లో వచ్చేసింది. రూగర్ మార్క్ 4, బక్ మార్క్ స్ప్రింగులు అసలే మెత్తన. 9ఎంఎం కావాలంటే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ అని స్లైడ్ సులువుగా కదిలేలా చేసినది ఉంది.

మీ రాష్ట్రంలో పిస్టల్ కొనేముందు పోలీసుల ద్వారా పర్మిట్ తీసుకోవాలి, ఒక్కో పిస్టల్‌కీ ఒక్కో పర్మిట్. సమయం పడుతుంది, ఈలోపు అద్దె గన్లతో నేర్చుకోండి.

రేంజ్‌కి వచ్చేటప్పుడు మెడ దాకా మూసి ఉండే టీషర్ట్, ముందుకి అంచున్న టోపీ, మూసిన బూట్లు. కుర్తీ, చున్నీ వద్దు. కాలిన తూటా తొడుగు సలసలా వేడిగా ఎగిరి మెడలోంచి లోపల పడుతుంది, పడగానే మనిషి గెంతుతాడు, చేతిలో లోడైన గన్ ఉందన్న సంగతే మర్చిపోయి అది పక్కవాళ్ళ వైపు తిరుగుతుంది. ఒకసారి నా కళ్ళ ముందే ఒకావిడ గన్ ముక్కు పక్క లేన్ దాకా వచ్చింది, మణికట్టు పట్టుకుని ఆపాను. కాలితే కాలనివ్వండి, ముందు గన్ ముక్కు టార్గెట్ వైపు, వేలు ట్రిగ్గర్ బయట, గన్ బల్ల మీద పెట్టాకే మెడ దులుపుకోండి.

ఒకవేళ మీరు గర్భంతో ఉంటే గానీ, ప్లాన్ చేస్తుంటే గానీ ఇప్పుడు వద్దు, సీసం పొడీ మోతా రెండూ మంచివి కావు.

ప్ర: సార్, మాకు 6, 11 ఏళ్ళ పిల్లలు. పిస్టల్ కొన్నాను, ప్రస్తుతం బెడ్‌రూమ్ అల్మరాలో పైన పట్టుచీరల వెనక పెట్టాను, పిల్లలకి తెలియదు. సేఫ్ తప్పనిసరా? – ఆల్ఫారెటా, జార్జియా

జ: ఇది చదివిన రోజే కొనండి. పిల్లలకి తెలియదని మీరనుకుంటున్నారు. చిన్నప్పుడు అమ్మ అటక మీద దాచిన అరిసెల డబ్బా మనకి తెలియదని అమ్మ అనుకునేది.

రేంజ్ గన్‌కి హడావిడిగా తీయాల్సిన అవసరం ఎప్పుడూ రాదు, కాబట్టి ఖాళీ చేసి, సేఫ్‌లో పెట్టి, తూటాలు ఇంకో చోట తాళం వేసి ఉంచండి. తాళంచెవి గానీ నంబరు గానీ పెద్దవాళ్ళ దగ్గరే ఉండాలి, పుట్టినరోజు తేదీలు నంబరుగా పెట్టొద్దు, పదకొండేళ్ళ పిల్లాడు మొదట ప్రయత్నించేది అదే. కొత్త పిస్టల్‌తో పాటు వచ్చే కేబుల్ తాళం సేఫ్ వచ్చేదాకా వాడండి.

ఇంకో మాట చెప్పాలి, మనవాళ్ళ ఇళ్ళల్లో ఎవరూ ఎత్తని మాట. 2022లో అమెరికాలో తుపాకుల వల్ల 48 వేల మందికి పైగా చనిపోయారు, అందులో 27 వేలు ఆత్మహత్యలు. దొంగలు, దుండగులు కాదు, ఇంట్లో మనిషే. చాలా రేంజ్‌లు మొదటిసారి ఒంటరిగా వచ్చినవాళ్ళకి గన్ అద్దెకి ఇవ్వకపోవడం ఇందుకే. ఇంట్లో ఎవరికైనా మనసు బాగోలేదనిపిస్తే, ఉద్యోగం పోయినా, కాపురంలో గొడవలున్నా, పిల్లాడికి కాలేజీలో దెబ్బ తగిలినా, గన్‌ని కొన్నాళ్ళు ఇంట్లోంచి తీసేయండి, కొన్ని షాపులూ రేంజ్‌లూ భద్రంగా ఉంచి తర్వాత ఇస్తాయి. 988కి ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా మాట్లాడేవాళ్ళుంటారు. ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించినా తప్పులేదు.

పిల్లలున్న ఇల్లు కాబట్టి సీసం సంగతి. పేలిన ప్రతి తూటా నుంచీ సీసం పొడి చేతులకి, బట్టలకి, బూట్లకి అంటుతుంది. రేంజ్‌లో ఏమీ తినొద్దు, దారిలో తిందామని పులిహోర డబ్బా తెచ్చుకుంటే చేతులు కడుక్కున్నాకే మూత తీయండి. సబ్బుతో, చన్నీళ్ళతో కడుక్కోవాలి. చెప్పులు గుమ్మం బయట విడిచే అలవాటు మనకి ఉండనే ఉంది, ఆ బూట్లకి అది మరీ ముఖ్యం. బట్టలు విడిగా ఉతికి, స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోండి. చెవుల విషయంలో ఇండోర్ రేంజ్ అయితే చెవిలో ప్లగ్గులూ, పైన మఫ్స్, రెండూ పెట్టుకోండి. పిస్టల్ మోత 140 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు.

ప్ర: నేను హైదరాబాద్‌లో బీటెక్ చదువుతున్నా. అమెరికాలో ఉన్న మా బావ రేంజ్ వీడియోలు పంపిస్తుంటాడు. ఇక్కడ అలా ఎవరైనా నేర్చుకోవచ్చా? లైసెన్సు కావాలా? – కూకట్‌పల్లి, హైదరాబాద్

జ: నేర్చుకోవచ్చు, నిజం చెప్పాలంటే మీ బావ కంటే మంచి పద్ధతిలో మొదలుపెట్టొచ్చు. మన దేశంలో ఈ ఆటకి తలుపు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్, ఒంటిచేత్తో పట్టాలి, టార్గెట్ మధ్యలో పదో వలయం అడ్డం పదకొండున్నర మిల్లీమీటర్లు, మన చిటికెనవేలి గోరు కంటే కాస్త పెద్దది. 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న .177 ఎయిర్ పిస్టల్‌కి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. .22 కావాలంటే మాత్రం 1959 ఆయుధాల చట్టం కిందకి వస్తుంది, లైసెన్సు, రైఫిల్ క్లబ్బు, పోటీల్లో స్కోరు, ఇలా చాలా మెట్లున్నాయి.

మీకు గచ్చిబౌలిలో షూటింగ్ రేంజ్ ఉంది. అక్కడ మొదలుపెట్టిన ఈషా సింగ్ 2018లో 13 ఏళ్ళకే జాతీయ ఛాంపియన్ అయింది, 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో నాలుగు పతకాలు తెచ్చింది, పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్ళింది. 2012 లండన్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ కూడా హైదరాబాదే. మొదటి మూడు నెలలు పిస్టల్ కొనకండి, రేంజ్‌లోదో అకాడమీదో వాడండి. మంచి మ్యాచ్ పిస్టల్ ఖరీదైనది, పిడి సైజు తేడా వస్తే చెక్కించుకోవాలి, అందుకని కోచ్ మీ చెయ్యి చూశాకే కొనాలి. ఇంట్లో రోజుకి పది నిమిషాలు ఖాళీ పిస్టల్‌తో తెల్లగోడ వైపు గురి పట్టి ట్రిగ్గర్ నొక్కడం ప్రాక్టీసు చేస్తే, వారానికోసారి వంద పెల్లెట్లు కాల్చినదాని కంటే ఎక్కువ వస్తుంది. ఎయిర్ పిస్టల్‌కి అలా ఖాళీగా నొక్కే ఏర్పాటు ఉందో లేదో ముందు చూసుకోండి.

ప్ర: రేంజ్‌కి వాడే బ్యాక్‌ప్యాక్‌నే ప్రయాణాలకీ వాడుతుంటాను. గన్ ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది. ఏమైనా ఇబ్బందా? – శాన్ హోసే, కాలిఫోర్నియా

జ: పెద్ద ఇబ్బంది. బ్యాగ్ అడుగున కుట్టు మడతలో ఒక్క తూటా మిగిలిపోయినా ఇండియాలో ఎయిర్‌పోర్ట్ స్కానర్ పట్టేస్తుంది, లైసెన్సు లేకుండా తూటా ఉన్నందుకు ఆయుధాల చట్టం సెక్షన్ 25 కింద కేసు పెడతారు. అలా చిక్కుకుని, తెలియక ఉండిపోయిందని నిరూపించుకుని హైకోర్టులో కేసు కొట్టేయించుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, కానీ అప్పటికి తిరుగు ప్రయాణం టికెట్టు పోయి, సెలవులు పోయి, నెలల తరబడి లాయర్ల చుట్టూ తిరిగి ఉంటారు. శంషాబాద్‌లో అమ్మ బయట ఎదురుచూస్తుంటే మీరు లోపల పోలీసుల ముందు కూర్చోవడం ఊహించుకోండి. రేంజ్‌కి ఒక బ్యాగ్ విడిగా పెట్టుకోండి, ఎర్రది కొనండి, పొరపాటున ఇంకెవరూ తీసుకోరు. ఇప్పటిదాకా వాడిన బ్యాక్‌ప్యాక్‌ని మళ్ళీ విమానం ఎక్కించకపోతేనే మంచిది. జాకెట్ జేబులు, కారు సీటు కింద కూడా చూడండి, .22 తూటా చాలా చిన్నది.